కృష్ణా డెల్టాలో అమెరికా బానిస

ఆదోని నుంచి బెజవాడ వెళ్లి రావడం కాశీయాత్ర కాదు. అయినా తిరిగొచ్చిన సాయంత్రం మా వీధివాళ్లు పదిమంది వచ్చి కూర్చున్నారు. కృష్ణలో నీళ్లు ఎంత వెడల్పున పారుతున్నాయని అడిగారు. మా ఊళ్లో కొళాయి మూడు రోజులకొకసారి దర్శనమిస్తుంది కనుక ఆ ప్రశ్నలో న్యాయముంది. అక్కడ భోజనంలో నెయ్యి గరిటెతో వేస్తారా, గిన్నెతో పోస్తారా అని కూడా అడిగారు. నేను ఎందుకు వెళ్లానో మాత్రం ఎవరూ అడగలేదు. అడగనివాళ్లకు చెప్పడమే రాసేవాళ్ల పని కాబట్టి ఇది రాస్తున్నాను.

నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. నూరేళ్ల పైచిలుకు కిందట అమెరికాలో ఒక నల్లజాతి బానిస యజమాని దగ్గర నుంచి పారిపోయి, తన జీవితం తనే రాసుకున్నాడు. ఆ పుస్తకం నాకు ఒక పాత పుస్తకాల కొట్లో దొరికింది. మూడేళ్లు కూర్చుని తెలుగు చేశాను. అటువంటి పుస్తకాలు అక్కడ చాలానే వచ్చాయి. పారిపోయి వచ్చినవాళ్లు ఉత్తరాది ఊళ్లలో, చర్చిల్లో, టౌను హాళ్లలో నిలబడి తమకు జరిగింది చెప్పేవారు. అంతవరకు బానిసలు హాయిగా పాటలు పాడుకుంటూ పత్తి ఏరుతున్నారని నమ్మిన పెద్దమనుషులు అవి విని జేబురుమాళ్లు తడుపుకున్నారు. ఆ పత్తితో నేసిన జేబురుమాళ్లే అయినా తడుపుకున్నారు. ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి అర్జీల మీద సంతకాలు పోగుచేశారు. కొన్నేళ్లలో జనం మాట్లాడే తీరే మారిపోయింది. ఒక మనిషి లేచి నిలబడి నాకిలా జరిగింది అని చెబితే ఇంత పని జరుగుతుందా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది. కొంచెం అనుమానంగా కూడా ఉండేది.

బెజవాడ వన్ టౌన్‌లో స్కూలు గైడ్లూ పంచాంగాలూ అచ్చువేసే వీరభద్రరావు గారు ఈ పుస్తకం వేయడానికి ఒప్పుకున్నారు. కారణం అడిగితే, ఆ ఏడు పంచాంగాలు పోగా కాగితం మిగిలిందన్నారు. పుస్తకం నాలుగు కాపీలు కదలాలంటే నేనే వచ్చి నాలుగు చోట్ల చదివి వినిపించాలని కబురు చేశారు. అది ఎమర్జెన్సీ రెండో ఏడు, నవంబరు నెల. మాటలు తక్కువ, పని ఎక్కువ అని బస్సుల మీదా గోడల మీదా రాసి ఉన్న రోజుల్లో నేను మాట్లాడే పని మీద బయల్దేరాను.

బెజవాడలో స్వాగతం

గుంతకల్లులో బండి మారి, తెల్లవారేసరికి బెజవాడలో దిగాను. స్టేషన్లో వీరభద్రరావు గారి గుమాస్తాలు ఇద్దరు గుడ్డ బ్యానరు పట్టుకుని నిలబడ్డారు. దాని మీద ఎర్రటి అక్షరాలతో “అమెరికా బానిస శ్రీమతి సుభద్ర గారికి స్వాగతం” అని ఉంది. బానిస తర్వాత కథ అనీ, నా పేరుకు ముందు అనువాదకురాలు అనీ ఉండాలట. గుడ్డ చాలలేదట. ప్లాట్‌ఫారం మీద జనం నన్ను కింది నుంచి పైదాకా చూశారు. కూలీ నా పెట్టె నెత్తికెత్తుకుంటూ, రూపాయి అడగవలసినవాడు ముప్పావలాకే ఒప్పుకున్నాడు. బానిస అన్న బిరుదు వల్ల నా జీవితంలో నాకు కలిగిన మొదటి లాభం అది.

వన్ టౌన్‌లో వీధి ఉందని నమ్మాలి, కనిపించదు. తోపుడు బళ్లు, రిక్షాలు, మిరపకాయల బస్తాలు, వాటి మధ్య దారి వెతుక్కుంటూ ఒక ఆవు. టిఫినుకు పెసరట్టు తెప్పించారు. విప్పి చూస్తే లోపల ఉప్మా ఉంది. మా ఊళ్లో ఉప్మా ఒక పూట, దోసె ఒక పూట. ఇక్కడ ఒకదాన్ని ఇంకొకదానిలో చుట్టి ఒకే పూట తినేస్తారు. మూడు కాలువల నీళ్లున్న నేలకూ, మూడు రోజులకొక కొళాయి ఉన్న నేలకూ తేడా నాకు ఆ పెసరట్టులో బోధపడింది.

మధ్యాహ్నం హోటల్లో భోజనం రెండు రూపాయల పావలా. ఇంకొంచెం అన్నం పెట్టల్ల అని వడ్డించే ఆయనతో అన్నాను. బ్యానరు సంగతి అప్పటికే వీధంతా పాకినట్టుంది. ఆయన ఎంతో మర్యాదగా, “తెలుగు బాగానే వచ్చిందండీ మీకు, కొద్దిగా యాస ఉందంతే” అన్నాడు. పుస్తకాల్లో రాసే తెలుగు తమ నోట్లో నుంచే వచ్చిందని ఇక్కడివాళ్లకు గట్టి నమ్మకం. అది నిజం కూడా కావడం వల్ల మనం ఏమీ అనడానికి లేదు.

ఆ సాయంత్రం ఒక గోడౌను మేడ మీద ముప్పై మంది వ్యాపారుల ముందు చదివాను. తల్లిని ఒక యజమానికీ బిడ్డను ఇంకొక యజమానికీ అమ్మిన ఘట్టం రాగానే గోడౌను నిశ్శబ్దమైపోయింది. కింద వీధిలో బస్తాలు మోస్తున్నవాళ్ల కేకలు మాత్రం వినిపించాయి. ఒకాయన కళ్లు తుడుచుకుంటూ కిటికీ దగ్గరకు వెళ్లి, ఆ కేకలు ఆపమని వాళ్లను తిట్టి వచ్చి మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు.

గన్నవరంలో సాక్ష్యాధారాలు

మరునాడు గన్నవరం. అక్కడ విమానాశ్రయం ఉంది. విమానం దిగేవేళకు ఊళ్లోవాళ్లు కంచె దగ్గరకు వెళ్లి నిలబడి, ఎవరు దిగారో చూసి ఇళ్లకు వెళతారు. ఖర్చు లేని కాలక్షేపం. నేనూ వెళ్లి నిలబడ్డాను. ఆ రోజు విమానం రాలేదు. ఎవరూ నిరాశపడలేదు.

అక్కడి క్లబ్బులో సభ. అధ్యక్షుడు ఒక వకీలు గారు. నేను ఇరవై నిమిషాలు చదివితే ఆయన ముప్పావుగంట మాట్లాడారు. బానిస చెప్పిన మాటలకు ఆధారమేమిటని ఆయన ప్రశ్న. యజమాని వాంగ్మూలం లేకుండా ఒకవైపు మాట విని తీర్పు చెప్పడం ధర్మం కాదన్నారు. పైగా ఇంత చక్కగా రాసినవాడు బానిస అయి ఉండడనీ, ఎవరో తెల్లదొర రాసిపెట్టి ఉంటాడనీ అనుమానం వెలిబుచ్చారు.

నూరేళ్ల కిందట అమెరికాలోనూ అచ్చం ఇలాగే అడిగారని నేను చెప్పాను. వేదిక మీద బానిస బాగా మాట్లాడితే ఇతను బానిస కాడన్నారు, తడబడితే అబద్ధమన్నారు. అందుకే ఆ పుస్తకాల ముందు పేజీల్లో, ఇతను నిజంగానే బానిస, నిజంగానే ఇతనే రాశాడు, నేను ఎరుగుదును అని తెల్ల పెద్దమనుషుల చేత ఉత్తరాలు రాయించి అచ్చువేసేవారు. వకీలు గారు ఇది విని సంతోషించారు. చూశారా, సర్టిఫికెట్టు ఉండాలి అన్నారు. నా అనువాదానికి కూడా ఒక రిటైరైన ప్రిన్సిపాలు గారు ముందుమాట రాశారు. నాకు ఇంగ్లీషూ తెలుగూ రెండూ వచ్చునని అందులో ఆయన ధ్రువీకరించారు. ఆ సంగతి నేను వకీలు గారికి చెప్పలేదు.

ఊరి పేరు రాయను

మూడో రోజు వీరభద్రరావు గారూ నేనూ కూచిపూడి దారి పట్టాం. కూచిపూడిలో దిగి కాఫీ తాగుతుంటే, ఒక ఇంటి వసారాలో మీసాలు వస్తున్న వయసు అబ్బాయిలు ఆడవేషాల నడక నేర్చుకుంటూ కనిపించారు. ఆ నడక చూశాక నేను బస్సు దగ్గరకు నడిచిన తీరు నాకే సిగ్గనిపించింది. అక్కడికి రెండు మైళ్ల దూరంలో మేము వెళ్లవలసిన ఊరు. ఆ ఊరి పేరు రాయను. రాస్తే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమది కానందుకు సంతోషించి ఊరుకుంటారు.

చేలన్నీ పండి ఉన్నాయి. మా సీమ కళ్లకు అంత బంగారం ఒక్కసారి చూడటం మంచిది కాదు. మాకు ఆతిథ్యం ఇచ్చింది రామకోటయ్య గారు. ముప్పై ఎకరాల మాగాణి, ఊరి గ్రంథాలయానికి అధ్యక్షత, కండువా. ఆ సాయంత్రం సభ గ్రంథాలయం ముందే. కుర్చీలన్నీ ఆయన ఇంటి నుంచే ఎడ్లబండిలో వచ్చాయి. వాటిని దింపి, వరసగా వేసి, తుడిచిన మనిషి కూర్చోకుండా బండి దగ్గరే నిలబడి చివరిదాకా విన్నాడు. నలభై దాటిన వయసు, పొడుగాటి మనిషి.

ఆ ఊరు ఏడ్చినంతగా మరే ఊరూ ఏడవలేదు. రామకోటయ్య గారు బాహాటంగా, కండువాతో, శబ్దం వచ్చేలా ఏడ్చారు. గ్రంథాలయం లోపల కిటికీ దగ్గర కూర్చున్న ఆయన భార్య అన్నపూర్ణమ్మ గారు మాత్రం ఏడవలేదు. పుస్తకం ఒకటి కొనుక్కుని అక్కడే చదవడం మొదలుపెట్టారు. సభ అయ్యాక రామకోటయ్య గారు లేచి ఒక ప్రకటన చేశారు. మర్నాడు ఆదివారం పాలేర్లుండే పేటలోని చర్చిలో కూడా నేను ఇదంతా చదవాలట. పాస్టరు గారితో తాను మాట్లాడతారట. అక్కడి బానిసల కష్టాలు వింటే ఇక్కడ మనవాళ్లు ఎంత సుఖంగా ఉన్నారో వాళ్లకు తెలిసొస్తుందన్నారు. నేను మూడేళ్లు కష్టపడి చేసిన అనువాదానికి ఇటువంటి ప్రయోజనం కూడా ఉందని నాకు తట్టనేలేదు.

కుర్చీలు మళ్లీ బండికెక్కుతున్నప్పుడు ఆ పొడుగాటి మనిషి నా దగ్గరకు వచ్చాడు. తన పేరు ఏసోబు అనీ, కామందు రామకోటయ్య గారి పాలేరుననీ చెప్పాడు. పుస్తకం రాసినాయనకు రాసిన తర్వాత ఏమైందని అడిగాడు. ఊళ్ల పేర్లూ యజమానుల పేర్లూ అచ్చులో పెడితే దొరికిపోతారు కనుక, అలా రాసినవాళ్లు కొందరు సముద్రం దాటి పరాయి దేశంలో తలదాచుకున్నారని చెప్పాను.

“అది తెలిసే రాశారాండి?” అన్నాడు.

తెలిసే రాశారన్నాను. అతను తలూపి ఎడ్ల దగ్గరకు వెళ్లిపోయాడు.

బస్తా బియ్యం

ఆ పూట భోజనం సంగతి రాస్తే మా వీధివాళ్లకు నామీద ఈర్ష్య కలుగుతుంది. గోంగూర పచ్చడి, గుత్తివంకాయ, ముద్దపప్పు, కత్తితో కోయవలసినంత గట్టి పెరుగు. నెయ్యి గిన్నెతోనే పోశారు. మా జొన్న సంగటి గురించి అడిగి, అది తిని మనుషులు బతుకుతారా అని రామకోటయ్య గారు జాలిపడ్డారు. నేను ఎదురుగానే బతికి ఉండటం ఆయన గమనించలేదు.

వెట్టిచాకిరీ రద్దయిందని రేడియోలో చెప్పారు కదా, ఇక్కడ సంగతేమిటని నేను అడిగాను. తమ జిల్లాలో అది ఎప్పుడూ లేదన్నారు. ఆ మాట కూడా రేడియోలోనే చెప్పారట. ఆ తర్వాత ఆయన విస్తరి ముందు చెయ్యి చాపి, “మా పాలేర్లు మా ఇంటి మనుషులేనండీ మేడమ్ గారూ. ఆరేళ్ల కిందట ఏసోబుకి పురిటిలో బిడ్డ పోతే అడక్కుండానే బస్తా బియ్యం పంపించాను. మీ పుస్తకంలో దొర ఎవడన్నా పంపాడా?” అన్నారు.

లేదని ఒప్పుకోవలసి వచ్చింది. ఆ బస్తా సంగతి ఊళ్లో అందరికీ తెలుసని వీరభద్రరావు గారు తర్వాత నాకు చెప్పారు. పెళ్లిళ్లలో, పంచాయతీల్లో, ఆఖరికి బస్సులో పక్క సీటువాళ్లకు కూడా ఆయన చెబుతారట. అంత కాలం తిన్న బస్తా కృష్ణా జిల్లాలో మరొకటి ఉండదు.

వడ్డిస్తున్న అన్నపూర్ణమ్మ గారు ఒక్క మాట అన్నారు. ఆ రోజు ఏసోబు పెళ్లాన్ని బందరు ఆస్పత్రికి తీసుకెళ్లి ఉంటే బిడ్డ బతికేదేమో, వాడే ఆలస్యం చేశాడట, వాళ్లకు ఆ తెలివి ఉండదు కదా అని. నిజంగానే బాధపడుతూ అన్నారు. ఆరేళ్లుగా ఆమె విన్నది అదే.

ఆదివారం

పేట ఊరికి పడమర, కాలువ దాటాక. తాటాకు ఇళ్ల మధ్య సున్నం వేసిన చిన్న చర్చి. పాస్టరు దేవదానం గారు నన్ను లోపలికి తీసుకెళ్లారు. అందరూ చాపల మీద కూర్చున్నారు. ముందు వరసలో మాత్రం రెండు కుర్చీలు, ఒకటి రామకోటయ్య గారికి, ఒకటి అన్నపూర్ణమ్మ గారికి. చర్చికి వచ్చిన హిందువులు కుర్చీల్లో, చర్చివాళ్లు నేల మీద. దేవుడు దీని గురించి ఏమనుకున్నాడో తెలియదు.

ఆరాధన అయ్యాక నేను చదివాను. ముందురోజు చదివిన పుటలే. ఇక్కడ ఎవరూ ఏడవలేదు. కొత్త సంగతి వింటున్నట్టుగా కాక, దూరపు చుట్టాల క్షేమసమాచారం వింటున్నట్టుగా విన్నారు. అయిపోయాక పాస్టరు గారు అలవాటు ప్రకారం, ఎవరైనా సాక్ష్యం చెబుతారా అని అడిగారు. జ్వరం తగ్గినవాళ్లు, తప్పిపోయిన గేదె దొరికినవాళ్లు లేచి, తమకు జరిగిన మేలు చెప్పి దేవుడికి వందనాలు చెప్పుకోవడం అక్కడి పద్ధతి.

ఏసోబు లేచాడు. కుర్చీల వైపు చూడలేదు, పాస్టరు గారి వైపు చూసి మాట్లాడాడు.

“నాకు జరిగింది చెప్తానండి. ఆరేళ్ల కిందట నూర్పిళ్లప్పుడు తెల్లారగట్ట మా శాంతమ్మకి నొప్పులొచ్చినయి. బిడ్డ అడ్డం తిరిగింది, బందరు తీసుకుపొమ్మని మంత్రసాని చెప్పింది. నేను కామందు గారి దగ్గరికెళ్లి బండి అడిగాను. మబ్బు పట్టింది, కుప్పల మీద కప్పి ఎల్లు అన్నారు. ఒక కుప్ప కప్పి మళ్లీ అడిగాను. రెండోది కూడా అన్నారు. ఏడు కుప్పలండి. మూడు సార్లు అడిగాను. బండి తోలుకుని నేను ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టేశారు. బిడ్డ చచ్చి పుట్టిందని చెప్పారు. ఆ రోజు వాన రాలేదండి.”

అంతే చెప్పాడు. వందనాలు అనలేదు. నిలబడే ఉన్నాడు.

వెనక తలుపు దగ్గర నిలబడ్డ రామకోటయ్య గారి బంధువు ఒకతను, తాగి వచ్చాడు, బయటికి పంపండి అన్నాడు. పాస్టరు గారు గబగబా ప్రార్థన ఎత్తుకోబోయారు. నేను చేతిలో పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. బానిసత్వం మీద మూడేళ్లు పని చేసినదాన్ని, చదివిన పుట తప్పిపోకుండా అందులో వేలు పెట్టుకుని చూస్తూ ఉన్నాను. ఆ సభలో నిజంగా తెలివితక్కువగా కనిపించింది నేనే అయి ఉంటాను.

మాట్లాడింది అన్నపూర్ణమ్మ గారు. కుర్చీలో నుంచి లేవలేదు, గొంతు పెంచలేదు. భర్త వైపు తిరిగి, “ఆ రోజు ఇతను మిమ్మల్ని బండి అడిగాడా?” అన్నారు.

రామకోటయ్య గారు కండువా సర్దుకున్నారు. ముందురోజు అంత ధారాళంగా ఏడ్చిన మనిషికి ఇప్పుడు కండువాతో ఏం చేయాలో తెలియలేదు. “వాన వచ్చేట్టుందిగా” అన్నారు.

ఆమె లేచి బయటికి నడిచారు. కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. అమెరికాలో వేలమందిని కదిలించిన పుస్తకాల గురించి నేను ఊరూరా చెప్పుకొచ్చాను కానీ, ఒక మనిషి ఆరేళ్లుగా నమ్మిన మాట విరగడం కళ్లతో చూడటం అదే మొదటిసారి. దానికి ఏ సర్టిఫికెట్టూ అవసరం పడలేదు. అయితే ముందురోజు ఆ చెట్టంత మనిషి నన్ను అడిగిన ప్రశ్న ఎందుకడిగాడో అప్పుడు అర్థమైంది. అతని ఇల్లు రామకోటయ్య గారి చేను గట్టు మీద ఉంది.

ఇల్లు తీసెయ్యమని మధ్యాహ్నానికల్లా అతనికి కబురు వచ్చింది.

తర్వాత జరిగింది

ఇక్కడి నుంచి కొంత నేను చూసింది, కొంత దేవదానం గారు తర్వాత ఉత్తరంలో రాసింది. రెండూ కలిపి చెబుతాను.

ఇల్లు తీసెయ్యమన్న కబురు విని అన్నపూర్ణమ్మ గారు పేటకు మళ్లీ వచ్చారు, ఈసారి ఒక్కరే. కాలువ గట్టు పక్కన అయిదు సెంట్ల చెక్క తన పుట్టింటివాళ్లు పసుపుకుంకాల కింద ఇచ్చిందనీ, కాగితం తన పేరనే ఉందనీ, తాటాకులూ రాటలూ అక్కడికి మోసుకుపొమ్మనీ చెప్పారు. సోమవారం తెల్లవారితే రామకోటయ్య గారి చేలో కోతలు. పేట నుంచి ఒక్క కొడవలి కూడా కదలలేదు. మంగళవారమూ కదలలేదు. మబ్బులు మాత్రం క్రమం తప్పకుండా వచ్చాయట. నాలుగో రోజు రామకోటయ్య గారు పాస్టరు ఇంటి ముందు నిలబడ్డారు. పేటవాళ్లు అడిగింది ఒక్కటే. పేటలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా, చేలో ఏ పని ఉన్నా సరే, బండి ముందు మనిషికి రావాలి. ఆయన ఒప్పుకున్నారు. అప్పుడు కోతకు వెళ్లారు. ఏసోబు మాత్రం మళ్లీ ఆ ఇంట్లో పాలేరుగా చేరలేదు. రోజుకూలీకి పోతున్నాడు.

అంతా చెడిందని అనుకోకండి. రామకోటయ్య గారు ఇప్పటికీ గ్రంథాలయానికి అధ్యక్షులే. రోగులకు ఎడ్లబండి ఏర్పాటు చేసిన మొదటి రైతు జిల్లాలో తానేనని సభల్లో చెబుతున్నారట. బస్తా బియ్యం సంగతి మానేశారట. ప్రజాభిప్రాయం మారడం అంటే ఇంతేనని నాకు ఇప్పుడు తెలుసు. ఒకళ్లు అబద్ధం మానేస్తారు, గొప్పలు మానరు.

బస్సు దగ్గర

ఇక నేను చూసిన చివరిది చెబుతాను. సోమవారం పొద్దున వీరభద్రరావు గారూ నేనూ బందరు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. బందరులో పదకొండింటికి సభ, ఎవరో పెద్ద అధికారి ముఖ్య అతిథి, సభ అయ్యాక బందరు లడ్డూ. బస్సు వచ్చింది, ఎక్కి కూర్చున్నాను. కిటికీ కింద ఒక ఆమె వచ్చి నిలబడింది. ముతక చీర, సన్నటి మనిషి. చర్చిలో ఏసోబు పక్కన చాప మీద తల వంచుకుని కూర్చున్న మనిషిని గుర్తుపట్టాను. కోతకు వెళ్లవలసిన పొద్దు ఆమె నా కోసం వచ్చింది.

“నేను శాంతమ్మనండి. ఆయన చెప్పింది సగమేనండి” అంది.

కండక్టరు ఈల వేశాడు. నేను దిగాను. వీరభద్రరావు గారు కిటికీలో నుంచి ముఖ్య అతిథి హోదా ఏమిటో నాకు వివరించబోయారు. పుస్తకాల కట్టలతో సహా ఆయన్ని బందరు పంపించేశాను. అక్కడ నా బదులు ఆయనే చదివారనీ, బానిస పారిపోయే చోట రెండు పుటలు కలిసి తిరిగిపోవడంతో బానిస ఒక్కసారిగా సంకెళ్లలో నుంచి ఓడలో తేలాడనీ, ఎవరూ గమనించలేదనీ తర్వాత తెలిసింది.

మేమిద్దరం కాలువ మీది తూము గట్టున కూర్చున్నాం. ఆమె మెల్లగా చెప్పింది. బిడ్డ చచ్చి పుట్టలేదు. మధ్యాహ్నం ఎండ వసారాలోకి వచ్చేవేళ పుట్టింది. ఆడపిల్ల. ఒళ్లు నీలంగా ఉన్నా ఏడ్చింది. పాలు పట్టలేకపోయింది. పొద్దు గుంకేదాకా ప్రాణంతో ఉండి, పోయింది. బండి వచ్చి ఉంటే అని మంత్రసాని అనబోతే, చచ్చి పుట్టిందనే చెప్పమని ఆమే మంత్రసాని చెయ్యి పట్టుకుంది.

ఎందుకని అడిగాను.

“బతికుండి పోయిందంటే ఆయన ఆ కుప్పలకి అగ్గి పెట్టేవాడండి. జైలుకి పోయేవాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు నాకు. అందుకని ఆరేళ్లు నోరు కట్టుకున్నాను. నిన్న ఆయనే నలుగుర్లో నిలబడి చెప్పాక, ఇంకా నేను దాచడం ఏం బాగుంటుంది? మధ్యాహ్నం ఇంటికెళ్లాక చెప్పేశాను.”

విని ఏసోబు ఏమన్నాడో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమే చెప్పింది. ఇంటి కప్పు ఆకులు విప్పుతున్నవాడు ఆపి కూర్చున్నాడట. ఆ తర్వాత, పేరు పెట్టావా అని అడిగాడట.

“పెట్టానని చెప్పానండి. ఆ పూటే పెట్టుకున్నాను, నా మనసులోనే. రూతు.” నా వైపు తిరిగి, “మీరు రాస్తారంట కదండి. రాయండి” అంది.

నా నోటుబుక్కు తీసి, ఆమె చూస్తుండగా ఆ పేరు పెద్ద అక్షరాలతో రాశాను. చదువు రాని శాంతమ్మ కాగితం దగ్గరకు వంగి, అక్షరాల మీద వేలు పెట్టి, ఒకదాని నుంచి ఇంకొకదానికి జరిపి, అక్కడ ఆగింది.

“రెండేనాండి?” అని అడిగింది.

రెండే అన్నాను.